మీ దిక్కు దీన్ని ఏమంటరు

కూర్చో ముందు. మంచం చివర అలా వేలాడుతూ కాదు, ఇటు కుర్చీ లాక్కుని సరిగ్గా కూర్చుని విను. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు. నీ తెలివితేటలు మధ్యలో కలపకు. మీ అమ్మ నీకేం పని చెప్పింది? "అమ్మమ్మ చేత పెద్దమ్మ గురించి నాలుగు ముక్కలు చెప్పించి టైపు చెయ్యి చిన్నీ, పుస్తకం మొదట్లో వేద్దాం" అంది. నేను విన్నానులే. నాలుగు ముక్కలతో అయ్యే మనిషైతే నాకు ఇన్నేళ్ళ బాధ ఎందుకు?

మీ అమ్మ పుస్తకం సంగతి ముందు రాయి, చదివేవాళ్ళకు తెలియాలి కదా. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మనిషి, సెలవు రోజున ఇంట్లో ఉండదు. బొల్లారం వైపు, తిరుమలగిరి వైపు మిగిలిన గడ్డినేలలన్నీ తిరిగి, అక్కడ వాటంతటవే మొలిచే పూల మొక్కల మీద ఓ పుస్తకం రాసింది. ఏ పువ్వును ఎక్కడివాళ్ళు ఏమంటారు, ఆ పేరు ఎందుకొచ్చింది అని. వచ్చే వారం అచ్చుకు పోతోంది. మొదటి పేజీలో "మా పెద్దమ్మకు" అని అంకితం. నాకు కాదు. తొమ్మిది నెలలు మోసి, పరీక్షలకు తెల్లారగట్ల లేపి, చదివినంతసేపూ ఎదురుగా కూర్చున్నదాన్ని నేను. ఆ పేజీ చూసిన పూట పొయ్యి మీద పెసరట్టు మాడిపోయింది. ఇల్లంతా పొగ. ఏమైందమ్మా అని మీ అమ్మ పరిగెత్తుకొచ్చింది. పెనం పాడైపోయిందే అన్నాను.

ఇంకొకటి కూడా రాయి. ఆ పుస్తకంలో గునుగు పువ్వు దగ్గర ఒక అబద్ధం ఉంది. అది అబద్ధమని తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఆ పెద్దమ్మ రెండు నెలల క్రితం తిరుమలగిరిలో కన్నుమూసింది. మిగిలింది నేను. అచ్చు పడేలోపు నోరు విప్పాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. చెబుతూ ఉంటే తేలుతుందేమో.

ఆవిడ పేరు చెప్పను. పుస్తకంలో పెద్ద అక్షరాలతో ఉండనే ఉంటుంది. నా నోటితో కూడా ఎందుకు?

నేను తెనాలి పక్కనుంచి పెళ్ళై వచ్చి మెట్టుగూడలో కాపురం పెట్టినప్పుడు పక్క పోర్షన్ వాళ్ళది. మీ తాతయ్య రైల్వే ఆఫీసులో గుమాస్తా, ఆవిడ భర్త షెడ్డులో ఫిట్టరు. ఇద్దరికీ కలిపి ఒకటే గోడ, ఒకటే కుళాయి. ఆవిడ నన్ను వదినె అనేది, నేను వదినగారూ అనేదాన్ని. మీ అమ్మకు మాత్రం మొదటినుంచీ పెద్దమ్మే. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. ఇద్దరు మగపిల్లలు. ఆడపిల్ల లేదు. ఆ మాట గుర్తుపెట్టుకో.

మనిషి ఎలా ఉండేదంటే, కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. గడప మీదో మెట్టు మీదో గొంతుక్కూర్చునేది. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక కాడ ఉండేది. రెండు వేళ్ళ మధ్య పెట్టి తిప్పుతూ మాట్లాడేది. ఆ కాడ తిరుగుతున్నంతసేపూ ఎదుటివాళ్ళు కళ్ళు తిప్పేవాళ్ళు కాదు. నేను ఎంత మంచి సంగతి చెబుతున్నా వినేవాళ్ళ మెడలు మెల్లగా అటు తిరిగిపోయేవి. నాకంటే గొప్పగా మాట్లాడేదని కాదు. నాకున్నన్ని మాటలు ఆవిడకు లేవు. వీధిలో ఎవరినైనా అడుగు. అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరనుకో.

ఆవిడకు ఒక జబ్బుండేది. కొత్త మనిషి కనిపిస్తే చాలు, ఊరు అడిగి, చేతిలో కాడ చూపించి, "మీ దిక్కు దీన్ని ఏమంటరు?" అనేది. ఆకుకూరలమ్మే అమ్మాయిని అడిగేది, ఉత్తరాలు తెచ్చే ఆయన్ని అడిగేది. పక్కవీధిలో ఇల్లు కట్టడానికి పాలమూరు నుంచి వచ్చిన కూలి ఆడవాళ్ళ దగ్గర గంట కూర్చునేది. వాళ్ళు గునుగాకు కూర ఎలా వండుకుంటారో చెబితే ఆ సాయంత్రమే వండి నాకో గిన్నె పంపేది. బాగుండేది కూడా. నేను మాత్రం ఉప్పు తక్కువైందని చెప్పి పంపేదాన్ని.

గునుగంటే తెలుసు కదా నీకు? బతుకమ్మలో తంగేడు పక్కన పేర్చే తెల్ల కంకి. కొసన కొంచెం గులాబీ రంగు. జొన్నచేలల్లో, ఖాళీ జాగాల్లో వానలు పడ్డాక ఎవరూ వేయకుండా అదే లేస్తుంది. కోసినా వాడదు, ఎండినా రంగు పోదు. మెట్టుగూడలో రైలు పట్టాల కంచె అవతల అప్పుడంతా గడ్డినేల. భాద్రపదం వచ్చేసరికి ఆ నేలంతా తెల్లగా అయ్యేది.

ఆ పువ్వుకు ఆవిడ ఎన్ని పేర్లు పోగేసిందో. బోయిగూడలో దర్జీ వాళ్ళమ్మ సర్వాలీ అంటుందని, ఆ నల్లటి గింజలు కళ్ళ మందులో వేస్తారని చెప్పేది. తిరుమలగిరిలో మిలటరీ ఆయన భార్య ఎవరో తన భాషలో ఒక పేరు చెబితే, నోరు తిరగక, మర్చిపోకుండా ఉండటానికి బస్సులో ఇంటిదాకా అనుకుంటూ వచ్చింది. బస్సులో జనం ఏమనుకున్నారో. ఏ పేరు చెప్పినా, ఫలానా ఆమె చెప్పింది అని కలిపే చెప్పేది. తనది అని ఎప్పుడూ అనలేదు. అసలు గునుగు అన్న పేరు ఎందుకొచ్చింది పెద్దమ్మా అని మీ అమ్మ అడిగితే, "సిద్దిపేట కాడ మా ముసలమ్మ అన్నది బిడ్డా, గాలికి గునగున నడుస్తది గద, కొత్తగ నడక నేర్చిన పిలగాని లెక్క, అందుకని. నిజమో కాదో నాకు తెల్వది" అందట.

నిజమో కాదో తెలియదట. ఆ ఒక్క మాటకే మీ అమ్మ పడిపోయింది. తెలియనిది తెలియదని చెప్పడమే శాస్త్రమమ్మా అని నాకు ఇప్పుడు పాఠం చెబుతుంది. నేను తెలియదని చెబితే మాత్రం, నీకేం తెలుసులే అమ్మా అంటుంది.

మీ అమ్మకు ఎనిమిదేళ్ళు అప్పుడు. ఆదివారం వస్తే తలంటు పోయించుకునేది కాదు, ఆవిడ కొంగు పట్టుకుని కంచె దాటి పోయేది. మధ్యాహ్నానికి మోకాళ్ళ నిండా పల్లేరు గీతలతో వచ్చేది. అన్నం కలిపి ముద్ద పెడుతుంటే నోట్లో ముద్ద పెట్టుకునే, పెద్దమ్మ చెప్పింది, పెద్దమ్మ చెప్పింది. నేను జడ వేస్తుంటే, పెద్దమ్మ జడలో పువ్వు ఇలా కాదమ్మా పెట్టేది అనేది. నేను జడ కొంచెం గట్టిగా లాగేదాన్ని. ఏడ్చేది. పక్క పోర్షన్ నుంచి ఆవిడ గొంతు, "ఏమైంది బిడ్డా?" ఇటువైపు నేను తల్లిని కూర్చునే ఉన్నాను కదా, నన్ను కదా అడగాలి?

నవ్వకు. నీకూ పిల్లలు పుడతారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఎంగిలిపూల బతుకమ్మ, అంటే పండగ మొదటి రోజు పొద్దున. ఆవిడ గడప ముందు గోనెసంచి పరిచి గునుగు కుప్ప పోశారు. వీధిలో ఆడవాళ్ళు ఏడెనిమిది మంది చుట్టూ చేరి కాడలు సమంగా కోసి, కట్టలు కట్టి, రంగునీళ్ళలో ముంచుతున్నారు. మీ అమ్మ వాళ్ళ మధ్యలో. చేతులు మోచేతుల దాకా గులాబీ రంగు. మాకు తెనాలి వైపు బతుకమ్మ లేదు. నన్ను రమ్మన్నారు, పని ఉందన్నాను. పనేమీ లేదు. నా గడప మీద కూర్చుని దూది తీసుకుని వత్తులు చేసుకుంటున్నాను, అటు చూడనట్టు.

ఆవిడ కాడ తిప్పుతూ నా వైపు తిరిగింది. "వదినె, మీ దిక్కు దీన్ని ఏమంటరు?"

అందరూ నా వైపు చూశారు. మీ అమ్మ కూడా చూసింది. నేను చేల గట్లెక్కిన మనిషిని కాదు. మా నాన్న బడిపంతులు, మా ఇల్లు బజారులో. ఆ పువ్వు మా వైపు ఉందో లేదో కూడా నాకు తెలియదు. తెలియదని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ మీ అమ్మ కళ్ళు చూశాను. మా అమ్మకేం తెలుసులే అని అప్పటికే సగం పక్కకు తిరిగిపోతున్నాయి.

నా వేళ్ళ మధ్య వత్తి ఉంది. "వత్తిపువ్వు" అన్నాను.

అక్కడితో ఆగానా? లేదు. కార్తీకమాసంలో దూది లేని ఇళ్ళల్లో ఈ కంకినే ఎండబెట్టి నూనెలో ముంచి దీపం పెట్టేవాళ్ళని, మా నాయనమ్మ చెప్పేదని, అందుకే ఆ పేరని చెప్పాను. మా నాయనమ్మ నేను పుట్టకముందే పోయింది. మాటలు అలా వచ్చేశాయి. ఆడవాళ్ళంతా చేతుల్లో పని ఆపి విన్నారు. మీ అమ్మ లేచి రంగు చేతులతోనే వచ్చి నా పక్కన, నా గడప మీద కూర్చుంది. "మా అమ్మకు కూడా తెలుసు" అని అందరికీ చెప్పింది. నా చీర మీద గులాబీ రంగు చెయ్యి పడింది. ఆ మరక పోలేదు. ఆ చీర నేను ఎవరికీ ఇవ్వలేదు.

ఆవిడ నన్ను కాసేపు చూసి, "వత్తిపువ్వు" అని మూడుసార్లు పైకే అనుకుంది.

నాలుగు రోజులయ్యాక, సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే, వంటింటి కిటికీలోంచి చూద్దును కదా, వెనక దొడ్లో ఆవిడ ఒక్కతే గొంతుక్కూర్చుని ఉంది. ముందు ప్రమిద, పక్కన నూనె గిన్నె, ఎండిన గునుగు కంకులు నాలుగు. ఒకటి ముంచి వెలిగించింది. చిటపటమని గింజలు పేలి, పొగ వచ్చి ఆరిపోయింది. రెండోది కాడ చీల్చి పెట్టింది. అదీ అంతే. మూడోది మెలితిప్పి చూసింది, నాలుగోది కూడా పాడుచేసింది. వెలిగితే ఒట్టు. కళ్ళు తుడుచుకుని, ప్రమిద కడిగి బోర్లించి లోపలికి పోయింది. నేను కిటికీ దగ్గర నిలబడి, ఇంక అయిపోయింది నా పని అనుకున్నాను. రేపు వీధంతా నవ్వుతుంది. వీధి నవ్వితే నవ్వనీ, మీ అమ్మ నవ్వితే? అన్నం తినలేకపోయాను.

మర్నాడు ఆడవాళ్ళు కుళాయి దగ్గర చేరినప్పుడు ఎవరో అననే అన్నారు, ఆంధ్రావాళ్ళు పువ్వుతో దీపం పెడతారట, ఎక్కడైనా ఉందా అని. మీ అమ్మ నా చెంగు పట్టుకుని ఉంది. ఆవిడ బిందె ఎత్తుకుంటూ, చాలా మామూలుగా అంది.

"నేను పెట్టి చూసిన. జెర చిటపట అన్నది గని, మంచిగనే వెలిగింది. వదినె చెప్పింది నిజమే."

చూశావా? అదీ ఆవిడ. నన్ను ఓడించి ఉంటే ఓ నెల ఏడ్చి మర్చిపోయేదాన్ని. నా అబద్ధాన్ని భుజాన వేసుకుని, నన్ను గెలిపించి, నేను జన్మంతా దానికి కట్టుబడి ఉండేలా చేసింది. అప్పటినుంచి ఎవరు గునుగు పేర్లు అడిగినా వరసగా చెబుతూ చివర్లో, "మా వదినె వాళ్ళ దిక్కు వత్తిపువ్వు అంటరు" అని కలిపేది. వీధి పిల్లలు పట్టుకున్నారు. పెద్దవాళ్ళు పట్టుకున్నారు. ఆ పిల్లలు పెళ్ళిళ్ళై వెళ్ళినచోట కూడా అదే అంటున్నారట. మొన్న బతుకమ్మకు మెట్టుగూడ కమాను దగ్గర పూలమ్మే అమ్మాయి నన్నే పిలిచి, "వత్తిపువ్వు కట్ట తీస్కో అమ్మా" అంది. నేను కొనకుండా వచ్చేశాను.

మీ అమ్మకు అది చిన్నప్పటినుంచి బంగారంలా దాచుకున్న ముక్క. పుస్తకంలో ఒక పేజీన్నర దాని మీదే రాసింది. ఆ పువ్వు శాస్త్రీయ నామంలో మొదటి మాట, కాలడం అని అర్థమొచ్చే గ్రీకు మాట నుంచి వచ్చిందట. పువ్వు మంటలా ఉంటుందని. రెండో మాట లాటినులో వెండి. ఆ పేరు పెట్టిన పండితులకూ, కృష్ణా తీరంలో నేను పుట్టిన వైపు ఇల్లాళ్ళకూ, ఒకరికొకరు తెలియకుండానే ఒకే పువ్వులో నిప్పు కనిపించిందని రాసింది. చదివితే ఒళ్ళు జలదరిస్తుంది, అంత బాగా రాసింది. దాని కిందే ఇంకో వరస ఉంది. కృష్ణా, గుంటూరు వైపు దీన్ని గురుగు అంటారని, ఆకు కూర వండుకుంటారని. మా వైపు అసలు పేరు అదట. ఈ వయసులో, కూతురి పుస్తకంలో చదివి తెలుసుకున్నాను.

ఆవిడ భర్త రిటైరయ్యాక చిన్నకొడుకుతో తిరుమలగిరి వెళ్ళిపోయారు. నాకు పీడ వదిలిందనుకున్నాను. మీ అమ్మ నెలకోసారి అక్కడే. నిన్ను కూడా ఎత్తుకుపోయి, నీ చేత తిరుమలగిరి అమ్మమ్మ అని పిలిపించింది. ఇంట్లో ఒక అమ్మమ్మ ఉండగా ఇంకొకరు ఎందుకో నాకు అర్థం కాదు. పోయినేడు ఆవిడకు ఒంట్లో బాగోలేదని తెలిసి, నేనూ వస్తానన్నాను. చూడాలని కాదు. వీళ్ళిద్దరూ గంటలు గంటలు ఏం మాట్లాడుకుంటారో వినాలని. ఉన్నమాట చెబుతున్నాను, రాసుకో.

మనిషి సగమైపోయింది. మంచం పక్కన కిటికీలో పాత డబ్బాలో గునుగు మొక్క. మీ అమ్మ పుస్తకం సంగతులు చెబితే కళ్ళు మూసుకుని వింది. వత్తిపువ్వు దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తెరిచి నన్ను చూసింది. మీ అమ్మ మందులకని కిందికి దిగింది. నేను ఆగలేకపోయాను.

"వదినగారూ, ఆ రోజు అది వెలగలేదు కదా" అన్నాను.

"నువ్వు కిటికీల నిలబడ్డవని నాకు ఎర్కే" అంది.

"మరి వెలిగిందని ఎందుకు చెప్పారు?"

చేతిలో కాడ లేదు, అయినా రెండు వేళ్ళు మెల్లగా తిరుగుతున్నాయి.

"బిడ్డ గా దినం నీ దిక్కు చూసింది గద. గట్ల నా దిక్కు ఎన్నడు చూడలె వదినె. ఊరంత తిప్పిన, ఎన్ని పేర్లు చెప్పిన, గా చూపు నాకు రాలె. నాకు సుత కడుపు మండింది. అబద్ధమని చెప్పేద్దామనే ప్రమిద పెట్టిన. మల్ల బిడ్డ మొఖం యాదికొచ్చింది. ఆర్పబుద్ధి కాలె."

ఇన్నేళ్ళు గోడకు ఇటువైపు నేనొక్కదాన్నే కుళ్ళుకుంటున్నాను అనుకున్నాను. మెట్ల మీద మీ అమ్మ చెప్పుల చప్పుడు వినిపించింది. ఆవిడ గొంతు తగ్గించి, "పుస్తకం అచ్చేస్తదంట. చెప్పేది ఉంటె నువ్వే చెప్పు. నేనైతె చెప్ప" అంది. అన్నమాట ప్రకారమే చెప్పకుండా పోయింది. కబురు వచ్చిన పొద్దున మీ అమ్మ నేల మీద కూర్చుని ఏడ్చింది. నేను పోయినా అంత ఏడుస్తుందా అని ఆ క్షణంలో కూడా లెక్క వేసుకున్నాను. నా బుద్ధి అంతే. నేనూ ఏడ్చాను, కానీ మీ అమ్మకు కనిపించకుండా, వంటింట్లో.

ఎందుకు ఆపావు? కొట్టు. కళ్ళు తర్వాత తుడుచుకుందువు గాని.

చెబితే ఏమవుతుంది? పేజీన్నర పోతుంది. అది పోతే ఇంకోటి రాసుకుంటుంది, తెలివైన పిల్ల. ఎనిమిదేళ్ళప్పుడు నా పక్కన వచ్చి కూర్చుంది చూడు, అది పోతుంది. నాకున్నది అదొక్కటే. మిగతావన్నీ ఆవిడవే. చెప్పకపోతే, రేపు చదువుకునే పిల్లలు తెనాలి వైపు వెళ్ళి వత్తిపువ్వు ఏదమ్మా అని అడుగుతారు. అక్కడివాళ్ళు తెల్లమొహం వేస్తారు. మీ అమ్మ నవ్వులపాలవుతుంది. తెలియనిది తెలియదని చెప్పే మనిషి, నా మాట నమ్మి...

"అమ్మా, చిన్నీ, రండి. కంచాలు పెట్టేశాను."

వస్తున్నామే. చిన్నీ, లేవకు, ఇది కొట్టు. ఆ పేరు తీసేయమని చెప్పు. వద్దు, ఆగు. తీసేయొద్దు. దాని ఎదురుగా కృష్ణా తీరం అని ఉంది చూడు, అది కొట్టేసి మెట్టుగూడ అని వెయ్యమను. ఆ పేరు అక్కడే పుట్టింది, అక్కడివాళ్ళే పిలుస్తున్నారు. ఎవరు పెట్టారంటే నా పేరు రాయమను, దీపం కథ అబద్ధమని కూడా రాయమను, నేనే చెప్పానను. ఈ కాగితం భోజనం కాగానే మీ అమ్మ చేతిలో పెట్టు. నేను నా గదిలో ఉంటాను.

"అమ్మా, ఏం చేస్తున్నారు ఇద్దరూ? పులుసు చల్లారిపోతోంది."

వస్తున్నానే తల్లీ, ఒక్క నిమిషం. ఇంకొక్క వరస, చిన్నీ. పేరు పెట్టింది నేను, కానీ దాన్ని ఇన్నేళ్ళు ఆరిపోకుండా కాపాడింది మాత్రం